పోశయ్య హట్ అంటె

బెల్లం వండే పోశయ్యకు ఒక్కటే రోగం. ఎవలేమన్నగాని ముందుగాల "హట్" అనాలె. అన్నంకనే ఇంటడు.

మాది బోధన్ అవుతల చెరుకు ఊరు. నేను గానుగల గడలు పెట్టేటోన్ని, ఆయన కడాయి కాడ పాకం చూసేటోడు. పదేండ్లు పక్కపక్కన పనిచేసినం గనుక ఆ మాటకు మతలబులన్ని నాకు ఎరుక. పొట్టిగ అంటె వద్దని. సాగదీసి అంటె నువ్వు అబద్ధమాడుతున్నవని. మొకం చూడకుంట అన్నడంటె ఇగ నువ్వు ఇంటికి పోవచ్చు.

ఆయన పెండ్లాం శారమ్మ పొద్దుగాల్నే అడుగుతుండె.

"వంకాయ వండాల్నా?"

"హట్."

"బీరకాయ?"

"హట్."

"ఇంట్ల గవ్వే ఉన్నయి."

"హట్."

ఆమె వంకాయనే వండుతుండె. ఈయన రెండుసార్లు పెట్టిచ్చుకొని తింటుండె.

అరవై రెండుల ఓట్లప్పుడు ముగ్గురు లీడర్లొచ్చి దండం పెట్టిండ్రు. ముగ్గురికీ హట్. అందరికి ఒక్క తీరే చెప్పిండని ముగ్గురూ ఖుషీగ పోయిండ్రు. ఆఖరికి ఊర్ల మేకలు గూడ ఆ మాటకు జరుగుడు బంద్ జేసినయి.

ఆ ఏడే సాయవ్వ ముచ్చటైంది. మొగడు లేని మనిషి, అరెకరం చెరుకే ఆమె బతుకు. కోసిన గడలు మూడు దినాలు దాటితె రసం పులుస్తది, పులిసిన రసం ఎంత కాగవెట్టినా గడ్డ కట్టది. సాయవ్వ చెరుకుకు అది మూడో దినం. మా కాడ ఎవలి వంతైతె వాళ్ల గడ పొయ్యి ముంగట పాతుతరు. ఆనాడు సాయవ్వ గడ ఉన్నది.

అంతల ఆత్మారాం పటేల్ అయిదు బండ్ల చెరుకేసుకొని దిగిండు. నోరు తెరిచి ఏం అడగలె, సాయవ్వ దిక్కు ఊకె చూసిండు. గంతే. ఆమె పోయి తన గడ తానే పీకింది.

"పోశన్నా, నా వంతు పటేల్‌కిస్త. నాది రేపు వండు."

"హట్. వంతు ఇయ్యనీకె నువ్వెవలు? గానుగ మీ బాపుదా? పోయి ఆడ కూసో."

గడ గుంజుకొని మళ్ల ఆన్నే పాతిండు. అందరు నవ్విండ్రు. సాయవ్వ కొంగు మొకానికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. ఏం మనిషిరా వీడు అనుకున్న నేను.

పటేల్ ముంగటికొచ్చిండు. "ఏం రా పోశిగా, ఆమెనే ఇస్తనన్నది గద?"

"ఆమె ఇచ్చింది పటేలా. నేనే ఇయ్యనియ్యలె. గీళ్లందరు చూసిండ్రు."

"రేపటికెల్లి నువ్వీడ కనపడొద్దు."

"హట్. మరి మీ అయిదు బండ్లు ఎవలు వండుతరు?"

పటేల్ ఆగిండు. నీళ్లల్ల పాకం చుక్కేసి, ఏలుతోని పట్టి చూసి బెల్లమైందని చెప్పేటోడు చుట్టుపక్కల పది ఊర్లల్ల ఇంకొకడు లేడు.

నేను పోశయ్య చెవుల అడిగిన, "ఆమెను గట్ల తిట్టుడెందుకే?"

"తిట్టకుంటె పటేల్ కోపం ఆమె మీదికి పోదా? ఇప్పుడు చూడు, నా మీదనే ఉన్నది. గడ పెట్టు, గానుగ ఉత్తగ తిరుగుతున్నది."

సాయవ్వ రసం కడాయిల పడ్డది. పటేల్‌కు నిలవడబుద్ధైతలేదు, ఆయన చెరుకు గూడ కోసి రెండు దినాలాయె.

"ఇది ఎప్పుడైతది రా?"

"మంట పెట్టేటోడు బువ్వకు పోయిండు. వాడొస్తెనే అయితది."

పటేల్ అటు చూసిండు, ఇటు చూసిండు. తెల్లధోతి ఎగజెక్కి పొయ్యి ముంగట కూసొని, ఎండిన చెరుకు పిప్పి దోసిళ్లతోని లోపలికి తోసుడు షురూ జేసిండు. మంట భగ్గుమన్నది.

కొంగు దించి సాయవ్వ లేచింది.

"పటేలా, జర సన్నగ పెట్టుండ్రి. నా బెల్లం మాడుతది."

పటేల్ ఆమె దిక్కు చూసిండు. తోసిన పిప్పి సగం బయటికి గుంజిండు.