అమ్మ మంచం దగ్గర ఇద్దరు నాస్తికులు

వరంగల్ మట్టెవాడలో మాకు బట్టల దుకాణం ఉండేది. ఆ వరుసలో దేవుడి పటం లేని దుకాణం మాదొక్కటే. బాపుకు దేవుడి మీద నమ్మకం లేదు, ఆ సంగతి దాచుకునేవాడూ కాదు. అమ్మ మాత్రం వంటింటి గూట్లో దీపం పెట్టి, పొద్దున్నే అమ్మవారి స్తోత్రం పైకి చదువుకునేది. బాపు ఎన్నడూ వద్దనలేదు.

ఎనభైల మొదట్లో అమ్మకు కడుపులో క్యాన్సర్ అని తేలింది. హైదరాబాద్ దాకా తిప్పాం. చివరికి డాక్టర్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. నేను కాలేజీ మానేసి ఆమె దగ్గరే ఉన్నాను. సూది మందు పనిచేసినంతసేపే నిద్ర. తర్వాత మంచంపట్టె పట్టుకుని మూలిగేది. బాపు ఆమె కాళ్లు ఒత్తేవాడు, వాంతులు ఎత్తిపోసేవాడు, దుకాణం ముఖం చూడటమే మానేశాడు.

ఒక మధ్యాహ్నం అమ్మ ఆ స్తోత్రం చదివి వినిపించమని బాపును అడిగింది. నేను చదువుతానంటే వద్దంది. బాపు తలవంచుకుని, నమ్మని మాట నీ ముందర పలకలేనన్నాడు. అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

సాయంత్రం బాపు స్నేహితుడు వచ్చాడు. హన్మకొండలో టీచర్. ఆయనకూ దేవుడు లేడు; కానీ ఎవరైనా అడిగితే నాస్తికుణ్ణి అనడు, మానవవాదిని అంటాడు. రెండింటికీ తేడా ఏమిటో అప్పటిదాకా నాకు అర్థం కాలేదు. సంగతి విని ఆయన మంచం దగ్గరికి కుర్చీ జరుపుకుని స్తోత్రం పుస్తకం తెరిచాడు. నోరు తిరగక తడబడుతుంటే అమ్మ సన్నటి గొంతుతో సరిదిద్దింది.

అరుగు మీదికి వచ్చాక బాపు ఆయన్ను నిలదీశాడు.

"సచ్చిపోయే మనిషికి అబద్ధం చెప్పుడేనా నీ మానవవాదం?"

"దేవుడు లేడని నువ్వూ అంటవ్, నేనూ అంట. గా ముచ్చట ఆడికే అయిపాయె అన్నా. లోపల వదినె ఉన్నది గద, ఆమెకేం జేద్దాం?"

"మరి నొప్పి తగ్గిందా?"

"తగ్గలే," అన్నాడాయన.

మర్నాడు పొద్దున అమ్మకు తెలివి తప్పింది. పిలిస్తే పలకలేదు. బాపు ఆమె చెవి దగ్గరికి ఒంగి స్తోత్రం అందుకున్నాడు. పుస్తకం ముట్టుకోలేదు. ఇన్నేళ్లూ వంటింట్లోంచి వినీ వినీ ఆయనకు మొత్తం వచ్చు. అయిపోగానే మళ్లీ మొదలుపెట్టేవాడు. వేలైనా కదులుతుందేమోనని నేను ఆమె చెయ్యి పట్టుకుని చూస్తూ కూర్చున్నాను. కదల్లేదు. ఎండ వాకిట్లోకి వచ్చేసరికి ఊపిరి ఆగిపోయింది. బాపు గమనించలేదు, చదువుతూనే ఉన్నాడు. భుజం పట్టుకుని నేనే ఆపాను.

"ఇన్నదా బిడ్డా?" అని అడిగాడు.

విన్నదని చెప్పాలని నోటిదాకా వచ్చింది.

"తెల్వది బాపూ," అన్నాను.