పిల్ల ఎత్తు దారం

బడిలో ముప్పై ఏళ్లు ఆయాగా చేసి మానేశాక, ఊరికే కూర్చోవడం ఆమె ఒంటికి పడలేదు. జైల్లో ఉన్న తల్లులకు పిల్లల్ని చూపించి తెచ్చే పని నెత్తికెత్తుకుంది. అక్కడా అందరికీ ఆయమ్మే. గేటు దగ్గర సంచీలు తడిమే కాపలావాడికి ఆమె నోరంటే హడల్.

“ఈ దారమేంటి?” అన్నాడు మొదటిసారి.

“దీన్ని పట్టుకుని గోడ దూకుతారని భయమా, నాయనా?”

అది ఎనిమిదేళ్ల పిల్ల ఎత్తు. తల్లి జైల్లో కుట్టుపని చేస్తుంది. పిల్ల బాబాయి ఇంట్లో ఉంటుంది. జైలు గడప తొక్కనిచ్చేది లేదని ఆ మహానుభావుడు తెగేసి చెప్పాడు. దారానికి మాత్రం అడ్డు చెప్పలేదు. నెలకోసారి ఆయమ్మ పిల్లను గోడకు నిలబెట్టి, మడమ నుంచి నడినెత్తి దాకా కొలిచి దారం తెంపేది. ఆ ఎత్తును బట్టి తల్లి గౌను కుట్టి, దారాన్ని కూడా అందులోనే మడిచి పంపేది.

ఒక నెల వెళ్లేసరికి ఆ ఇంటికి తాళం వేసి ఉంది. బాబాయి ఎవరికీ చిరునామా చెప్పకుండా ఇల్లు ఖాళీ చేశాడు. ఆయమ్మ పిల్ల చదివిన బడిలో అడిగింది, ఇరుగుపొరుగును అడిగింది, కాళ్లరిగేలా తిరిగింది. ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. ఇంటికొచ్చి పాత దారం పక్కన కొత్తది పరిచి, గోరంత ఎక్కువ ఉంచి కత్తిరించింది. చేస్తున్నది మోసమని తెలుసు. తెలిసినా లోపల ఏమీ కదల్లేదు.

అలా ఆరు నెలలు గడిచాయి. గౌన్లు ఆమె బీరువాలోనే పోగుపడ్డాయి.

ఏడో నెల ఇద్దరి మధ్యనున్న ఇనుప జాలీ కిందనుంచి దారం అందిస్తే, తల్లి దాన్ని చాచి చూడలేదు. వేలికి చుట్టుకుంది.

“నెలనెలా గోరంతే పెరుగుతోంది ఆయమ్మా. కుట్టేదాన్ని, నాకు తెలీదా? ఏ పిల్లా అంత లెక్కగా ఎదగదు.”

ఆయమ్మ జాలీకి దగ్గరగా జరిగింది. “వాళ్లు ఎటో వెళ్లిపోయారమ్మా. ఎక్కడున్నారో తెలీదు. ఇన్నాళ్లూ నన్ను అడగలేదేం?”

“అడిగితే మీరూ రావడం మానేస్తారు. ఇక నా దగ్గర దాని ఊసెత్తే మనిషే ఉండదు.”