పెద్దాయన పూజలో ఉన్న రోజు

‘ఆ రోజుల్లో’ అని మొదలుపెట్టే హక్కు తల పూర్తిగా నెరిసినవాళ్లకే ఉంటుందని మా అత్త వాదన. నాకు మీసంలో అక్కడక్కడా తెలుపు తొంగిచూస్తోందంతే కాబట్టి నా సంగతులన్నీ మహా అయితే ‘మొన్న’ కిందికి వస్తాయట. రావచ్చు. కానీ ఒక మనిషి తన బతుకు మీద పెట్టుకున్న ఆశనంతా తీసుకెళ్లి ఒక పొట్టి గోల్ఫు కర్రకు తగిలించి, ఏమవుతుందో అని ప్రాణాలు అరచేత పెట్టుకుని తిరిగిన కాలాన్ని ‘మొన్న’ అనడానికి నాకు మనసొప్పదు. అందుకని అత్త వినకుండా మీకు చెబుతున్నాను. ఆ రోజుల్లో నేను పనీపాటా లేనివాణ్ణి. అంతకుముందు బెంగళూరులో గోల్ఫు సామాను అమ్మే అంగట్లో ఉండేవాణ్ణి. అరిగిన పిడి ఊడదీసి కొత్తది తొడగడం, పొడుగు కర్రను కొన్నవాడి ఎత్తుకు తగ్గట్టు కోయడం, ఊగిసలాడే తలను బంకపెట్టి బిగించడం నా పని. కరోనా వచ్చి ఆ అంగడి మూతపడింది. ఒక పెట్టెలో బట్టలు, ఇంకో పెట్టెలో పనిముట్లు సర్దుకుని, పోతూపోతూ యజమాని కానుకగా ఇచ్చిన కర్ర ఒకటి చంకన పెట్టుకుని చిత్తూరులో మా మామ ఇంటికి చేరాను.

మామంటే అమ్మకు తమ్ముడు. మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీ ఉంది. వేరే దేశాల నుంచి వచ్చే కొనుగోలుదార్లతో మాట కలుస్తుందని ఎవరో చెబితే గోల్ఫు మొదలుపెట్టాడు. (కొనుగోలుదార్లు ఆయన ఆట ఒకసారి చూసి మళ్లీ పిలవలేదు గానీ, మామ మాత్రం మానలేదు.) వాళ్ల ఇంట్లో వీధి వైపు ఒక గది ఉండేది, నిండా ఖాళీ మామిడి పెట్టెలు. ఆ గది చూడగానే నాకు కళ్ల ముందు ఒక బల్ల, ఒక సాన, గోడకు వరసగా కర్రలు, బయట ఒక బోర్డు కనిపించాయి. చిత్తూరు, తిరుపతి, వేలూరు, ఈ చుట్టుపక్కల ఆడేవాళ్లందరూ పిడి ఊడితే మద్రాసుకో బెంగళూరుకో పోతున్నారు, ఇక్కడే మనం ఒక అంగడి పెడితే ఎలా ఉంటుందని మామతో అన్నాను. మామ అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి నావైపు చాలా జాలిగా చూశాడు. “రేయ్ అల్లుడా, తిరుపతిలో గుండు కొట్టే అంగడి పెడితే నడస్తాది. ఈ సీమలో కర్ర పట్టుకున్నోడంటే మేకలు తోలేవోడన్నా అయ్యుండాల, కాళ్లు నొప్పులతో కొండెక్కేవోడన్నా అయ్యుండాల. వాళ్ల కర్రలకు నువ్వు పిడి తొడగతావా? రేపట్నించి ఫ్యాక్టరీకి రా. గేటు కాడ లారీలు సూసుకుందువు.” అత్త మజ్జిగ పోస్తూ, “తినేటప్పుడు యాల పిల్లోణ్ణి అట్ల అంటారు?” అంది. నాకు ఆ రాత్రి మజ్జిగ కూడా దిగలేదు.

ఇప్పుడు ఆ చంకలోని కర్ర సంగతి చెప్పాలి. దాన్ని మినీ డ్రైవర్ అంటారు. బంతిని మొదటి దెబ్బకే దూరం తోలడానికి వాడే పెద్ద కర్ర డ్రైవర్. దాని తల కొబ్బరికాయంత ఉంటుంది. ఇది దానికి తమ్ముడు. తల చిన్నది, కర్ర పొట్టిది, కాబట్టి చేతికి లొంగుతుంది. బంతి కాస్త తక్కువ దూరం పోతుంది గానీ, చెప్పిన దారిన పోతుంది. మామకు కావలసింది సరిగ్గా అదేనని నా ఉద్దేశం. ఎందుకంటే ఆయన పెద్ద డ్రైవర్ ఎత్తితే బంతి ముందు తిన్నగా బయలుదేరి, ఏదో మరిచిపోయినట్టు కుడివైపుకు తిరిగి, చక్కగా మామిడితోటలోకి పోయేది. అయినా ఆ కర్రంటే ఆయనకు ప్రాణం. దానికి ‘పెద్దాయన’ అని పేరు. నా కర్రకు చూసిన క్షణంలోనే ‘పొట్టోడు’ అని పేరు పెట్టేశాడు. పైగా ఆటలో నియమం, సంచిలో పద్నాలుగు కర్రలకు మించకూడదు. మామ సంచిలో అప్పటికే పద్నాలుగూ కిక్కిరిసి ఉన్నాయి. “విస్తళ్లు వేసి పద్నాలుగు మంది కూసోని తింటా ఉంటే, పదైదోవాణ్ణి పిల్చకొచ్చి ఎవురి విస్తరి లాగమంటావు?” అన్నాడు. పెద్దాయన విస్తరి అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది గానీ, ఉంటున్నది ఆయన ఇంట్లో కదా, మింగేశాను.

అయినా రోజూ పొద్దున కాఫీతో పాటు ఈ పొట్టివాడి గుణగణాలు వడ్డిస్తూనే ఉన్నాను. చివరికి విసిగి మామ ఒక మాటన్నాడు: “సరే, దసరా దాకా సూస్తా. ఆ పొట్టోడు నా సంచిలో జాగా సంపాదించుకుంటే, నీకు ఆ గదిలో జాగా ఇస్తా. లేదంటే పండగ మర్నాడే ఫ్యాక్టరీ.” నేను పొంగిపోయాను. తర్వాత ఆలోచిస్తే తెలిసింది, ఆయన దాన్ని ముట్టుకుంటే గదా అది జాగా సంపాదించేది! ముట్టుకోనే లేదు. దసరా దగ్గర పడింది. ఏటా ఆయుధ పూజ నాడు ఫ్యాక్టరీకి సెలవు కాబట్టి, చంద్రగిరి అవతల మామిడితోటల మధ్య నలుగురు కలిసి వేసుకున్న మైదానంలో మామకూ, టేకు భాయ్‌కీ పోటీ జరిగేది. (టేకు భాయ్‌ది చిత్తూరులోనే కట్టెల మిల్లు. టేకు ఎంత నిటారుగా ఉంటుందో మనిషీ అంతే, ఆయన బంతీ అంతే. ఏటా ఆయనదే గెలుపు.) ముందురోజు సాయంత్రం, చివరి ప్రయత్నంగా, మామ సంచి కారులోంచి ఇంట్లోకి తెచ్చి అన్నిటికీ కొత్త పిడులు తొడిగాను. పనితనం చూసైనా మనసు మారుతుందేమోనని ఆశ. “బాగుండాదిరా,” అని మామ పెద్దాయన్నే నిమిరి, పడుకోవడానికి వెళ్లిపోయాడు. పండగ అయ్యాక లారీల లెక్క చూసుకునే నా బతుకు తలుచుకుంటూ నేనూ పడుకున్నాను.

పొద్దున్నే కేక వినబడి లేచాను. “యాడ? పెద్దాయన యాడ?” అని మామ సంచి తిరగేసి కుమ్మరిస్తున్నాడు. దేవుడి గదిలోంచి అత్త తాపీగా, “ఈడుండాది,” అంది. వెళ్లి చూస్తే పీట మీద ఫ్యాక్టరీ పెద్ద కత్తి, పెద్ద పానా, వంటింటి పెద్ద కత్తిపీట, పక్కనే గోడకు చేరగిలబడి, తలకు పసుపు, కుంకుమ, మెడలో బంతిపూల దండతో పెద్దాయన. ముందు బొరుగులూ బెల్లమూ. అత్తకు ఒక పద్ధతి ఉంది. ఇంట్లో ఉన్న ప్రతి జాతి పనిముట్లలోనూ అన్నిటికన్నా పెద్దదాన్ని పూజకు పెడితే తక్కినవాటికీ చెందుతుందని. ఏటా సంచి కారు డిక్కీలో ఉండిపోయేది కాబట్టి గోల్ఫు జాతి ఆమె కంటబడలేదు. ఈసారి కొత్త పిడులతో నట్టింట్లో మెరుస్తూ కనబడింది. “ఇంత మంచి సామాను పెట్టుకుని ఇన్నేండ్లూ పూజ చెయ్యలేదే అని నాకు బాధ అయినాది,” అంది. మామ చెయ్యి చాపాడు. అత్త అంది: “ముట్టుకోండి, ఎవురొద్దన్నారు? పూజలో పెట్టినదాన్ని రేపు తెల్లారి హారతిచ్చి గదా కదిలించాల. మీరు ముట్టుకోండి, సంవత్సరమంతా ఫ్యాక్టరీ ఎట్ల నడస్తాదో నేనూ సూస్తా.” మామ చెయ్యి గాల్లో ఆగిపోయింది. (కారుకూ పూజ చేశారు కదా, దాన్నెట్లా తీస్తామని ఆయన లాయరు పాయింటు ఒకటి లాగాడు. “అది నిమ్మకాయ తొక్కినాది. మీ కర్ర తొక్కతాదా?” అంది అత్త. కేసు కొట్టేశారు.) “ఇంగ నేను దేంతో ఆడాల?” అని మామ నిస్సహాయంగా నా ముఖం చూశాడు. నేను పైకప్పు చూశాను. అత్తే అంది: “అబ్బోడు తెచ్చిన పొట్టిది ఉండాది కదా. దానికింగా పూజా లేదు, పునస్కారమూ లేదు. ఎత్తుకోని పోండి.”

మైదానంలో టేకు భాయ్ అప్పటికే వచ్చి మీసం దువ్వుకుంటున్నాడు. సంచిలోకి తొంగిచూసి, “ఏమప్పా, మీ పెద్దాయన రాలేదా?” అన్నాడు. మామ గంభీరంగా, “ఆయన ఈ పొద్దు పూజలో ఉండాడు,” అన్నాడు. భాయ్ నవ్వుతాడనుకున్నాను. తల ఊపి, “మా మిల్లులో కూడా పిల్లోళ్లు పెద్ద రంపానికి కుంకం పెట్టినారు, నేనే బొరుగులు పంచి వస్తా ఉండాను,” అన్నాడంతే. మామ పొట్టివాణ్ణి ఎత్తి, ఎప్పటిలాగే చెట్టు నరికే ఊపుతో ఒకటి వేశాడు. వేసిన వెంటనే ఆయనా, భాయ్, నేనూ ముగ్గురం అలవాటుగా కుడివైపు మామిడితోటకేసి చూశాం. అక్కడ ఆకు కూడా కదల్లేదు. “బాలు యాడ?” అన్నాడు మామ. “నడి మధ్యలో ఉండాది మామా,” అన్నాను. “నడి మధ్యలోనా? నాదేనా అది?” అని ఆయన నడుచుకుంటూ పోయి, వంగి, బంతి మీద గుర్తు చూసుకునేదాకా నమ్మలేదు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

మామకు మాత్రం సంతోషం లేదు. భాయ్ బంతి ఎప్పుడూ ఈయన బంతికి అవతలే పడేది. “ఇదేం ఆటరా, పెండ్లిలో చీర కొంగు తొక్కకుండా నడిచినట్టుండాది,” అని ఒక్కో దెబ్బకూ సణుగుతూనే ఉన్నాడు. కానీ సణిగేవాడి బంతి దారి తప్పకపోవడంతో, ఏటా సగం ఆటకే చల్లబడిపోయే పోటీ ఆ ఏడు బంతి వెయ్యాల్సిన చివరి గుంత దాకా సమానంగా వచ్చింది. చివరి గుంతకు ముందు వాగులాంటి వంక ఒకటి అడ్డం ఉంటుంది. పెద్దాయనతో మామ ఏటా దాన్ని దాటించబోయి ఏటా అందులోనే వేసేవాడు. ఇప్పుడు పొట్టివాడితో దాటదు. బంతిని వంకకు ఇవతలే ఆపి, ఇంకో కర్రతో దాటించాలి. అది మా మామ జన్మలో చెయ్యని పని. ఆయన వంకను చూస్తూ అలా నిలబడిపోయాడు. నేను కళ్లు మూసుకుని, తెలిసిన దేవుళ్లందరికీ దండం పెట్టాను. నా బల్ల, సాన, బోర్డు అన్నీ ఆ వంక ఒడ్డునే నిలబడి ఉన్నాయి. ‘టక్’మన్న చప్పుడు చిన్నగా వినిపించింది. కళ్లు తెరిస్తే బంతి ఒడ్డుకు ఇవతల, పచ్చిగడ్డిలో, బుద్ధిగా కూర్చుని ఉంది. ఎప్పుడూ దూకే మనిషి ఆగడం చూసి టేకు భాయ్‌కి ఏమనిపించిందో, ‘అయితే నేనే దూకుతా’ అన్నట్టు బలం కొద్దీ కొట్టి, నీళ్లలో వేశాడు. “యా అల్లా!” అని తల పట్టుకున్నాడు. మామ గెలిచాడు.

ఇక నా గది నాదేననుకున్నాను. దారి పొడుగునా మామ ఒకటే మాట, “అంతా అమ్మవారి దయ.” ఇంటికి రాగానే అత్త, “పొద్దున కొట్టిన గుమ్మడికాయ బాగా పగిలినాది, అప్పుడే అనుకున్నా,” అంది. పొట్టివాడి పేరెత్తినవాడు లేడు. మర్నాడు తెల్లవారగానే హారతి అయ్యిందో లేదో, మామ కుంకుమ కూడా తుడవకుండా పెద్దాయన్ని భుజాన వేసుకుని, నన్ను లేపి, మైదానానికి తీసుకుపోయాడు. మొదటి బంతి తోటలోకి పోయింది. రెండోదీ దాని వెనకాలే పోయింది. మూడోది మాత్రం... ఏం చెప్పను, గాలిని చీల్చుకుంటూ తిన్నగా పోయి, భాయ్ బంతి ఏనాడూ పడనంత దూరాన పడింది. మామ వెనక్కి తిరిగాడు. ఆ ముఖం కొత్త సైకిలెక్కిన పిల్లవాడిది. “సూసినావా? దీన్ని తీసేస్తే ఈ దెబ్బ నాకు యాడ దొరకతాదిరా?” అన్నాడు. సరే, లారీలే నా రాత అనుకున్నాను. అప్పుడాయన సంచిలో చెయ్యి పెట్టి, వెతికి, మూడో నంబరు కర్ర ఒకటి లాగాడు. “దీన్ని ఎప్పుడు కొట్టినానో నాకే గ్యాపకం లేదు. దీని జాగాలో పొట్టోణ్ణి ఉండనీ. ఇద్దురూ ఉండాల్సినోళ్లే. ఇది నువ్వు తీసుకోని పో.”

“యాడికి తీసుకోని పోవాల మామా?” అన్నాను.

“నీ అంగడికి. ఎవురన్నా అడిగితే అమ్ముకో. ఈ పొద్దే ఆ పెట్టెలన్నీ తీపిచ్చేస్తా,” అని, నా ముఖం చూడకుండా ఇంకో బంతి పెట్టుకున్నాడు. నేను ఆ మూడో నంబరు కర్ర గుండెకు హత్తుకుని అక్కడే నిలబడ్డాను. మామ కొట్టిన ఆ బంతి కూడా తోటలోకే పోయింది.

అంగడి నడుస్తోంది. వేలూరు నుంచి కూడా వస్తున్నారు. మామ భుజం పట్టేసి పుత్తూరు కట్టు కట్టించుకున్నాక ఎక్కువగా పొట్టివాడితోనే ఆడుతున్నాడు. పెద్దాయన సంచిలో ఊరికే ఉంటాడు. తీసేద్దామా అంటే, “మోసేది నువ్వా నేనా?” అంటాడు. మినీ డ్రైవర్ కొనొచ్చా అని వచ్చినవాళ్లు అడిగితే, నేను గొంతు సవరించుకుని పెద్దమనిషిలా చెబుతాను: బాబూ, దూరం కన్నా దారి ముఖ్యం, కళ్లు మూసుకుని కొనుక్కో అని. వాళ్లు వింటారు, కొంటారు, మేలు పొందుతారు. నా సంచిలోనూ ఒకటుంది. కానీ ఆదివారం పొద్దున, మంచు ఇంకా విడవకముందు, ఎదురుగా మైదానమంతా ఖాళీగా పరుచుకుని ఉన్నప్పుడు, నా చెయ్యి నన్నడక్కుండా పెద్దదాని మీదికే పోతుంది. బంతి తిన్నగా బయలుదేరి కుడివైపుకు తిరుగుతుంది. వెనకనుంచి టేకు భాయ్, “అచ్చం మామేనప్పా!” అని నవ్వుతాడు. నేనూ నవ్వుకుంటూ తోటలోకి నడుస్తాను, ఈసారి తప్పినా వచ్చే ఆదివారం తిన్నగా పోతుందని గట్టిగా నమ్ముకుంటూ.