గుమ్మానికి తడి గోనెపట్టా

సత్తెనపల్లి బస్టాండు వెనక వీధిలో నస్రత్‌కు పట్టుదల గల మనిషని పేరు. ఆమె బావగారు జాన్ బాషా మాత్రం మొండిమనిషి అనేవాడు. చెప్పొద్దూ, ఆయన మాటే నిజానికి దగ్గర.

భర్త పోయాక ఇంటి ముందుగదిలో ఒక కంప్యూటరూ ప్రింటరూ పెట్టుకుని, దరఖాస్తులూ పెళ్లిపత్రికలూ కొట్టిచ్చేది. రెండువేల ఆరు నాటికి జనానికి టైపు ఒక్కటే చాలడం లేదు, నెట్ కావాలి. పిల్లలంతా హాల్ టికెట్లకూ ఫలితాలకూ పెద్దబజారుకు పోతుంటే, నస్రత్ కొట్లో ఈగలు తోలుకుంటోంది. ఇల్లేమో ఉమ్మడిది. పురుగుమందుల వ్యాపారి జాన్ బాషాకు, డబ్బాలు దించుకోవడానికి ఆ ముందుగది మీద ఎప్పటినుంచో కన్ను.

"పదో తరగతి ఫలితాల రోజు దాకా చూస్తానమ్మా. ఆ రోజు కూడా నీ కొట్టుకు జనం రాకపోతే గది ఖాళీ చెయ్యి" అన్నాడు.

"అలాగే బావగారూ. ఆ రోజు మీరే వచ్చి చూద్దురుగాని" అంది నస్రత్.

అనడమైతే అనేసింది, నెట్ ఏది? వాళ్ల ఇళ్ల వరసకు కొత్త టెలిఫోన్ లైను ఇప్పట్లో రాదన్నారు. రోడ్డుకు అవతల ఎలక్ట్రికల్ కొట్టు గఫూర్‌కు బ్రాడ్‌బ్యాండ్ ఉంది. "నా దాంట్లోంచి వాడుకో చెల్లెమ్మా" అని, రోడ్డు మీదుగా వైరు లాగి ఇచ్చాడు. మర్నాడే పత్తి లారీ వచ్చింది. పత్తి కుక్కిన బోరేలు రెండు పక్కలా ఉబ్బి, చూరులు రాసుకుంటూ పోయే ఆ లారీలకు వైరొక లెక్కా? వైరును గఫూర్ కొట్టు బోర్డుతో సహా పీక్కుపోయింది.

"ఇక వైరు మాట ఎత్తొద్దు. నేను వైర్‌లెస్ రూటర్ పెడతా. నువ్వు నీ సీపీయూలో దాన్ని అందుకునే కార్డు వేయించుకో" అన్నాడు గఫూర్ బోర్డు ఏరుకుంటూ.

నస్రత్ గుంటూరు వెళ్లి కార్డు కొనుక్కొచ్చింది. మెకానిక్ రేపు మాపు అంటూ తిప్పుకున్నాడు. చూసి చూసి తనే స్క్రూడ్రైవర్ పట్టుకుంది.

ప్లగ్గు పీకి, సీపీయూ పక్కరేకు తీసేసరికి లోపలంతా ఎర్రటి దుమ్ము. ఏళ్ల తరబడి ఆ రోడ్డున పోయిన మిర్చి టిక్కీ బస్తాల ఘాటంతా అందులోనే ఉంది. బ్రష్షుతో దులపగానే నస్రత్‌కూ, టార్చిలైటు పట్టుకున్న అత్తగారు సైదాబీకీ తుమ్ములే తుమ్ములు.

"మిరపకల్లంలో కూర్చున్నట్టుందే" అంది సైదాబీ కళ్లు తుడుచుకుంటూ.

వెనకవైపు చిన్న రేకుముక్క ఊడదీసి, నస్రత్ కార్డును తెల్లటి స్లాట్‌లో పెట్టింది. దిగలేదు. విరుగుతుందేమోనని తీసి, అంచు చూసి మళ్లీ పెట్టింది. దేవుణ్ణి తలుచుకుని, రెండు బొటనవేళ్లతో సమంగా నొక్కితే కటుక్కున కూర్చుంది. స్క్రూ బిగించి, యాంటెన్నా తిప్పి, సీడీ వేసింది. కాసేపటికి తెర కింద సిగ్నల్ చూపించే పచ్చటి గీతలు లేచాయి. ఆ క్షణాన ఆమె పడ్డ సంతోషం ఇంతా అంతా కాదు.

ఆ సంతోషం ఎండలు ముదిరేదాకానే. పొద్దున్నే బాగుండే నెట్ మధ్యాహ్నానికి చచ్చి, సాయంత్రం మళ్లీ లేచేది. గఫూర్ రూటర్ జరిపి చూశాడు. నస్రత్ కార్డు ఊడదీసి, తుడిచి, మళ్లీ వేసింది. అయినా అంతే. కార్డు వేడెక్కుతోందన్నారు, మార్చెయ్యమన్నారు. ఇంతలో ఫలితాలు మధ్యాహ్నమే ఇస్తారని పేపర్లో పడింది. నస్రత్‌కు అన్నం సయించలేదు.

అలాంటి రోజుల్లోనే సైదాబీ చెల్లెలి ఇంటికని పిడుగురాళ్ల వెళ్లింది. ఆ మధ్యాహ్నం ఎండ మాడిపోతోంది, నెట్ మాత్రం చెక్కుచెదరలేదు. నస్రత్ నాలుగువైపులా చూసింది. గుమ్మం బోసిగా ఉంది. రోజూ మిట్టమధ్యాహ్నం, కోడలికి చల్లగా ఉండాలని సైదాబీ గుమ్మానికి గోనెపట్టా కట్టి, నీళ్లు చల్లి తడుపుతూ ఉంటుంది. ఆ గుమ్మానికి ఎదురుగానే గఫూర్ రూటర్. నస్రత్ లేచి గోనెపట్టా తడిపి కట్టింది. తెర మీద గీతలు పడిపోయాయి. విప్పింది. లేచాయి. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

అత్తగారికి ఎలా చెప్పాలన్నదే బాధ. ఆ కొట్టుకు ఆ ముసలావిడ చేయగలిగిన సాయం అదొక్కటే. ఊరినుంచి రాగానే ఉన్నమాట చెప్పేసింది. సైదాబీ ముఖం చిన్నబోయింది.

"అంటే ఇన్నాళ్లూ నీకు అడ్డం నేనేనా?"

"నువ్వు కాదత్తా, ఆ తడి. అది సిగ్నల్‌ను రానివ్వదు."

సైదాబీ గోనెపట్టా మడిచి మంచం కింద పెట్టింది.

ఫలితాల రోజు నిప్పులు చెరిగే ఎండ. గుమ్మం బార్లా తెరిచి ఉంది, గది ఇటుకబట్టీలా కాగుతోంది. నెట్ పోలేదు. నంబర్లు రాసుకున్న అరచేతులు చాపుతూ పిల్లలు రోడ్డు మీదికంటా నిలబడ్డారు. నస్రత్ చెమట కారుతుంటే తుడుచుకోకుండా నంబరు తర్వాత నంబరు కొడుతోంది. ఉన్నట్టుండి నెత్తిన చల్లగా తగిలింది. వెనక సైదాబీ, తడి తువ్వాలు కోడలి తలమీద కప్పి, విసనకర్ర అందుకుంది.

"గుమ్మానికి వద్దన్నావు. నీకు వద్దనలేదుగా" అంది.

నస్రత్‌కు కళ్లు చెమర్చాయి. అయినా వేళ్లు ఆపలేదు.

జాన్ బాషా వచ్చాడు. గుంపును తోసుకుని గుమ్మం దాకా రావడమే గగనమైంది. తొంగిచూసి ఏదో అనబోయాడు.

"ఏరా బాషా, ఊరికే నిలబడ్డావేం? తువ్వాలు ఆరిపోతోంది. పంపు కాడికెళ్లి బిందెడు నీళ్లు పట్రా" అంది తల్లి.

జాన్ బాషా గదివంక ఇంకోసారి చూసి, బిందె అందుకున్నాడు.