ఎర్రగుడ్డ బావ, కారు నెత్తిమీది సైకిలు

మా బావ నా పెళ్ళికారునే ఆపిన మనిషి. బావలు పెళ్ళిలో పేచీ పెట్టడం మామూలే, బట్టల దగ్గరో మర్యాదల దగ్గరో మూతి ముడుచుకుంటారు. ఈయన మాత్రం కారు చుట్టూ ఓసారి తిరిగొచ్చి, వెనక వేలాడుతున్న పూలదండ నంబరు ప్లేటుకి అడ్డమొస్తోందన్నాడు. లోపల పెళ్ళికూతురు, బయట బిక్కమొహంతో నేను. దండ ఎత్తి కట్టేదాకా బండి కదలనివ్వలేదు. "బావమరిదివి కాబట్టి వదిలేస్తున్నాను పో" అని, అదే ఆశీర్వచనంగా పంపేశాడు.

ఆయన బ్రేక్ ఇన్‌స్పెక్టరు. ఊరి చివర చెక్‌పోస్టులో ఉద్యోగం. లారీల సంగతి మిగతావాళ్ళు చూసుకునేవారు. కార్ల నెత్తికెక్కే సరుకు మాత్రం ఆయన సొంత రాజ్యం. నిచ్చెనలు, పరుపులు, మడతమంచాలు, అన్నిటినీ మించి సైకిళ్ళు. సెలవురోజు వచ్చిందంటే చాలు, జనం సైకిళ్ళను కార్ల మీదకెక్కించి షికారు బయల్దేరతారు కదా, ఆయనకి అదే పండగ. బండి ఆపి, కిటికీలోంచి తల లోపలికి పెట్టి, పాఠం మొదలెట్టేవాడు.

"చూడండి సార్, సైకిలు కారు పక్కల నుంచి బయటికి రాకూడదు. మీ చూపుకి అడ్డం పడకూడదు. నంబరు ప్లేటూ వెనక దీపాలూ దాగకూడదు. చక్రం వెనక్కి పొడుచుకొస్తే దాని చివర ఎర్రగుడ్డ కట్టాలి. ఇక కట్టడమంటారా, పట్టుకుని ఊపితే కారు ఊగాలి గానీ సైకిలు ఊగకూడదు."

చెప్పి ఊరుకునేవాడా? పట్టుకుని ఊపేవాడు. లోపల పిల్లలు కెవ్వుమనేవాళ్ళు.

ఆ ఎర్రగుడ్డలు ఎక్కణ్ణించి వచ్చేవనుకున్నారు? నా కొట్టునుంచే. నేను దర్జీని. ఎర్రరంగు బట్ట బల్ల మీద పరిచానంటే ఎలా వాసన పట్టేవాడో గానీ, సాయంత్రానికి ప్రత్యక్షం. పీలికలన్నీ జేబులో కుక్కుకుని పోయి, గుడ్డ లేనివాళ్ళకి తనే కట్టి పంపేవాడు. ఒకసారి ఎవరో ఆవిడ గౌను కోసం కత్తిరించిన చెయ్యి కూడా ఆ పీలికల్లో కలిసి వెళ్ళిపోయింది. మర్నాడు ఆవిడే బజార్లో తన గౌను చెయ్యి ఒక నిచ్చెన చివర ఊగుతూ పోవడం చూసింది. నన్ను ఎన్ని మాటలందో ఇక్కడ చెప్పను. ఆ రోజునుంచీ ఊరంతా ఆయన్ని ఎర్రగుడ్డ ఇన్‌స్పెక్టరు అంటే, నేను ఎర్రగుడ్డ బావ అన్నాను.

ఇలాంటి మనిషి కడుపున సుడిగాలి పుట్టింది. మా మేనకోడలికి మేం పెట్టుకున్న పేరది. నడక వచ్చిన దగ్గర్నుంచీ సైకిలు మీదే ఉండేది. పెద్దయ్యాక పందేల సైకిలు పట్టింది. మా అక్క మొదట్లో లబోదిబోమని, తర్వాత దారికొచ్చింది. బావ అడ్డుచెప్పలేదు. అలాగని పట్టించుకోనూ లేదు. ఆయన దృష్టిలో సైకిలంటే కారు మీదకెక్కే ఒక సరుకు. దాని మీద కూడా మనిషి ఎక్కుతుందన్న సంగతి ఆయన బుర్రకి తట్టేది కాదనుకుంటాను.

క్రితం ఏడు మేమంతా కలిసి దాని పందెం చూడ్డానికి వెళ్ళాం. అది ఆఖరి మలుపు తిరిగి అందరికన్నా ముందు గీత దాటింది. దాటుతూనే కంచె వైపు చూసింది. నేనూ అక్కా ఎగిరి గంతులేస్తున్నాం. బావ లేడు. వెతికితే కార్లు ఆపేచోట దొరికాడు. ఏదో పొరుగూరి జట్టు కారు కింద టేపు పెట్టి, పైనున్న సైకిళ్ళ ఎత్తు కొలుస్తున్నాడు. "అమ్మాయి గెలిచింది బావా!" అన్నాను. "మంచిది. ఈ హ్యాండిల్ చూశావా, కారు అంచు దాటి ఎంత బయటికి వచ్చిందో!" అన్నాడు. మా ఇంటికి అల్లుడుగా ఈయన వచ్చినందుకు నాకు మొదటిసారి ఒళ్ళు మండింది.

సుడిగాలి కప్పు తెచ్చి అలమరలో వెనక్కి తోసేసింది.

ఈ ఏడు జట్టుకి ఎంపిక పందెం వచ్చింది. ఇందులో నెగ్గితేనే పెద్ద పోటీలు, లేకపోతే మళ్ళీ ఏడాది ఆగాలి. భోజనాల దగ్గర అది కంచంలోకి చూస్తూ అంది:

"నాన్నా, ఈసారి నువ్వే కారులో తీసుకెళ్ళాలి. అక్కడికొచ్చాక నన్ను చూడాలి. కార్లని కాదు. ఇంకోసారి అడగను."

బావ చేతిలో ముద్ద ఆగిపోయింది. "ఎందుకు చూడనమ్మా?" అన్నాడు. అక్క ఆయన వంక చూసిన చూపుకి నేనే నీళ్ళు తాగాను.

పందెం రోజు ఉదయం నేను వెళ్ళేసరికి సైకిలు కారు మీదుంది. ఉందనడం కన్నా, తాళ్ళలో ఎక్కడో ఉందనడం నయం. అన్ని ముళ్ళు నా జన్మలో చూడలేదు. చక్రం చివర ఎర్రగుడ్డ, నంబరు ప్లేటు తళతళ. అయినా బావకి తృప్తి లేదు.

"అందరూ కార్లో కూర్చోండి, ఎత్తు కొలవాలి" అన్నాడు.

"మేం కూర్చుంటే ఎత్తెందుకు మారుతుందండీ?" అంది అక్క.

"మనుషులెక్కితే బండి దిగుతుంది. ప్రయాణంలో ఎలా ఉంటుందో అలాగే కొలవాలి. పద్ధతి అది."

డ్రైవరు సీట్లోకి తన బదులు పక్కింటాయన్ని పిలిచి కూర్చోబెట్టి, స్టూలెక్కి కొలిచాడు. స్టేడియానికి పోయే దారిలో రైలు వంతెన ఉంది. దాని ముందు, ఎత్తు బళ్ళు వంతెనకి గుద్దుకోకుండా రోడ్డుకి అడ్డంగా ఇనప కమ్మీ వేశారు. వేయించింది మా బావే. దాని ఎత్తు ఆయనకి కన్నకూతురి పుట్టినరోజుకన్నా బాగా గుర్తు. "వేలెడు ఖాళీ ఉంది. దూరిపోతుంది" అని స్టూలు దిగాడు. దర్జీని కదా, వేలెడు వదులు చాలదని నా నోటిదాకా వచ్చింది. మింగేశాను.

తీరా కమ్మీ దగ్గరికొచ్చేసరికి ఆయనకి కంగారు పట్టుకుంది. బండి ఆపేశాడు.

"మీరంతా దిగండి. తలా ఒక మూల నించుని చూడండి. నేను నెమ్మదిగా పోనిస్తాను."

దిగాం. పొద్దున ఆయన నోటితోనే విన్న ముక్క మాలో ఒక్కరికీ గుర్తురాలేదు, ఆయనకీ రాలేదు. ముగ్గురం దిగగానే కారు హమ్మయ్య అన్నట్టు పైకి లేచింది. "రానీ రానీ" అంటూ నేనూ చెయ్యి ఊపాను. కర్రుమంది. సైకిలు సీటు కమ్మీ కిందికి దూరి బిర్రుగా ఇరుక్కుపోయింది. ముందుకీ రాదు, వెనక్కీ పోదు.

వెనక కార్లు బారులు తీరాయి. అన్నిటికన్నా ముందున్నది పరుపుల కొట్టాయన కారు. బావ ఆయన్ని ఆపినన్నిసార్లు ఊళ్ళో ఇంకెవర్నీ ఆపలేదు. ఇప్పుడాయన కారు మీద పరుపు పద్ధతిగా కట్టుంది, చివర ఎర్రగుడ్డ రెపరెపలాడుతోంది. భారీ మనిషి. దిగి, తీరిగ్గా నడిచొచ్చి, సైకిలు వైపూ బావ వైపూ చూశాడు.

"కొలిచారా సార్?"

బావ నీళ్ళు నమిలాడు. "కొలిచానండీ. అందరూ కూర్చునుండగా కొలిచాను."

"మరి అందర్నీ దింపారేం?"

ఆ ప్రశ్నకి మా బావ మొహం చూడాలి. ఇన్నేళ్ళలో ఆయన ఆపిన వాళ్ళందరి మొహాలూ ఆ ఒక్క మొహంలో కనిపించాయి. నాకు నవ్వాగలేదు. అక్క నా చెయ్యి గిల్లింది. సుడిగాలి మాత్రం నవ్వట్లేదు. వాచీ చూసుకుంటోంది, పెదవి కొరుక్కుంటోంది. ఎంపిక మొదలయ్యాక వచ్చినవాళ్ళని లోపలికి రానివ్వరు.

పరుపులాయన మంచివాడు. మమ్మల్ని మళ్ళీ కారెక్కమన్నాడు. "జరగండమ్మా" అంటూ మాతోపాటు వెనక సీట్లో కూలబడ్డాడు. కారు కుయ్యోమంటూ కిందికి దిగింది, సీటు కమ్మీని వదిలింది, బావ బండిని వెనక్కి తీశాడు. జనం చప్పట్లు కొట్టారు. పరుపులాయన దిగి, "ఇక మీరు నలుగురూ కదలకుండా కూర్చుని పోండి సార్, దూరుతుంది" అన్నాడు.

దూరేదే. ఆ మాట విని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ బావ కారు దిగి, జేబులోంచి టేపు తీశాడు.

"కొలత ఎక్కడో తప్పింది. మళ్ళీ కొలవాలి."

"నాన్నా!"

అంత గట్టిగా ఆ పిల్ల అరవడం నేనెప్పుడూ వినలేదు. వెనక హారన్లు కూడా ఆగిపోయాయి.

"కొలవకు నాన్నా. నీకు దండం పెడతాను. దాన్ని దింపేద్దాం. స్టేడియం దగ్గరే, తొక్కుకుంటూ పోతాను. ఎలాగూ పందేనికి ముందు ఒళ్ళు వేడెక్కాలి."

మేమందరం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. నిజమే కదా! ఎత్తెక్కువైతే సైకిలు దింపెయ్యొచ్చు. దింపితే అది నడుస్తుంది. ఇంతమంది పెద్దమనుషులం కమ్మీ కింద నించుని బుర్రలు గోక్కున్నాం గానీ, ఆ ఊసే తట్టలేదు.

"ముళ్ళు విప్పాలంటే టైము పడుతుంది తల్లీ" అన్నాడు బావ. గొంతు బాగా తగ్గిపోయింది.

"మామయ్యా, కత్తెర ఉందా?"

దర్జీ జేబులో కత్తెర లేకపోవడమేమిటి! ఇచ్చాను. తీసుకుని తను కొయ్యలేదు, తండ్రి చేతిలో పెట్టింది. ఆయన ఒక్క క్షణం ఆ తాళ్ళ వంక చూశాడు. తర్వాత టకటకా కోసేశాడు. పరుపులాయనా నేనూ సైకిలు దింపాం. సుడిగాలి ఎక్కి, తల కూడా వంచకుండా కమ్మీ కిందనుంచి దూసుకుపోయింది.

బావ వెనకే కారు పోనిచ్చాడు. ముందు అది, వెనక మేం. దాన్ని దాటలేదు, హారను కొట్టలేదు. కొంతదూరం పోయాక, "ఇంత స్పీడా!" అన్నాడు. ఎవరితోనూ కాదు. ఇంకా కొంతదూరం పోయాక, "ఇది రోజూ ఇలాగే పోతుందా?" అన్నాడు. అక్క కళ్ళు తుడుచుకుంటూ, "మరేమనుకున్నారు?" అంది. దాని చక్రం చివర ఎర్రగుడ్డ తెగిపోకుండా మిగిలిపోయి, దారి పొడవునా మా ముందు గిరగిరా తిరుగుతూనే ఉంది.

సమయానికి చేరాం. గుడ్డ విప్పి బావకిచ్చేసి లోపలికి పరిగెత్తింది. పందెం మొదలైంది. మేం కంచె దగ్గర నించున్నాం, బావ కంచె కమ్మీని రెండు చేతులా పట్టుకున్నాడు.

ఆఖరి చుట్టులో మా వెనకాలే ఒక కారు వచ్చి ఆగింది. తిరిగి చూసి నోరు వెళ్ళబెట్టాను. దాని నెత్తిమీద సైకిళ్ళు ఎటు పడితే అటు ఉన్నాయి. హ్యాండిళ్ళు రెండువైపులా బయటికి పొడుచుకొచ్చాయి, వెనక వేలాడుతున్న చక్రం నంబరు ప్లేటుని మొత్తం కప్పేసింది. ఎర్రగుడ్డ మాట దేవుడెరుగు, అసలు సరైన తాడే లేదు. ఇలాంటి కారు ఆయనకి జీవితంలో ఒక్కటే దొరుకుతుంది. నాలో ఉన్న బావమరిది ఊరుకుంటాడా?

"బావా, ఒక్కసారి వెనక్కి చూడు. నీ పుణ్యం పండింది."

"ఉండవయ్యా!"

"నిజం బావా. నంబరు ప్లేటు కూడా కనపడట్లేదు."

"పోనీవయ్యా!" అన్నాడు, తల తిప్పకుండా.

నేనూ పందెం వైపు తిరిగాను.

సుడిగాలి నాలుగోదిగా వచ్చింది. జట్టుకి నలుగురు కావాలి. గీత దాటుతూనే అది ఎవరు గెలిచారో చూడలేదు, బోర్డు చూడలేదు. కంచె వైపు చూసింది. మా బావ అక్కడే ఉన్నాడు. ఎర్రగుడ్డ పైకెత్తి పిచ్చివాడిలా ఊపుతున్నాడు.

సైకిలు నడిపించుకుంటూ వచ్చి కంచె అవతల నించుంది. ఒళ్ళంతా చెమట, రొప్పుతోంది.

"చూశావా నాన్నా?"

బావ ఎర్రగుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు. 

"చూశాను తల్లీ. మొదటి మలుపులో మోకాలు బాగా బయటికి పెట్టావు. రెండోదాంట్లో సరిచేసుకున్నావు. మూడోదాంట్లో ఆ పచ్చచొక్కా అమ్మాయి అడ్డమొస్తే లోపలినుంచి దూరిపోయావు. అక్కడ వేలెడు ఖాళీ కూడా లేదు."