ఆచూకీ చెప్పని పిల్ల

అరకులో మా గిరిజన బాలికల బడిలో చదివిన ఆ పిల్ల ఏది అడిగినా ముందు "తెల్దు సార్" అనేది. ప్యాంటు వేసుకున్న కొత్తవాడు ఎవరి ఆచూకీ అడిగినా వాళ్ల కొండమీద అందరూ చెప్పే జవాబు అదే. మేం టీచర్లం మాత్రం మొద్దని తేల్చేశాం.

యుద్ధకాలంలో నాజీలకు దొరక్కుండా అటకమీద దాక్కున్న యూదు అమ్మాయి మీద వార్షికోత్సవానికి నాటకం వేయించాను. ఈ పిల్లకు ఆచూకీ ఇచ్చే పొరుగింటామె వేషం. మాటల్లేవు, సైనికుడు అడగ్గానే అటకవైపు వేలు చూపిస్తే చాలు. మొద్దుకు అది చాలనుకున్నాను.

"ఆ అమ్మాయెక్కడ?" అని సైనికుడి వేషంలోని పిల్ల గద్దించింది.

"తెల్దు."

మళ్లీ అడిగినా అదే మాట. తెరచాటు నుంచి నేను పళ్లు కొరికాను. "వేలు చూపించవే!"

"సూపిత్తే ఆ ఆడగుంటని అట్టుకుపోరేటి సార్?" అంది, మైకులో.

ముందువరసలో ముఖ్య అతిథి శాలువా సర్దుకుని లేచారు. "చరిత్రనే మార్చేస్తారా? ఆ పిల్ల పేరు చెప్పండి, టీసీ ఇచ్చి పంపించేద్దాం!"

హాలంతా ఒక్క గొంతుతో అంది. "తెల్దు సార్!"

ఆయన నావైపు తిరిగారు. రోజూ హాజరు పిలిచే నాకూ ఆ పేరు తెలియలేదు. ఇప్పుడు మీరడిగినా తెల్దు.