గీతలున్న టేపు

మా ఆసుపత్రి రోగులందరినీ ఒక్క పూటలో, ఒక్క చేత్తో మాయం చేసిన ఘనత నాది. కంగారుపడకండి, ప్రాణం మీదికి వచ్చింది నా పరువుకొక్కదానికే.

సెల్‌ఫోనులో ఇన్‌కమింగ్ ఉచితమైన కొత్త రోజులు. అనకాపల్లిలో ఓ చిన్న ఆసుపత్రిలో కేసుషీట్లు కంప్యూటరుకెక్కించడం, రోజూ వాటి కాపీ టేపులోకి తీయడం నా పని. ఆ సాయంత్రం విశాఖ నుంచి ఇంజినీరు ప్రసాద్‌గారు వచ్చి పాడవబోతున్న పాత డిస్కు తీసేసి, టేపులోంచి రోగులందరినీ కొత్త డిస్కులోకి మార్చాలి. సరిగ్గా ఆ ఉదయమే టేపు యంత్రం నారింజ దీపం వెలిగించింది. క్లీనింగ్ టేపు వేస్తే ఆరిపోయింది. అయినా ప్రసాద్‌గారికి ఫోన్ చేశాను.

"ఎందుకైనా మంచిది, డయాగ్నస్టిక్స్ నడపండమ్మా. స్క్రాచ్ టేపు పెట్టి టెస్టు చెయ్యండి."

"అలాగేనండీ, నాకు తెలుసు!"

తెలియకేం? బడి గడప తొక్కకపోయినా నాన్న పక్కన కూర్చుని నిఘంటువు చూసి ఇంగ్లీషు నేర్చుకున్నదాన్ని. స్క్రాచ్ అంటే గీత. బీరువాలోని టేపులన్నీ కిటికీ దగ్గర పేర్చి, పెళ్లిచూపుల్లో పిల్లను చూసినట్టు తిప్పి తిప్పి చూశాను.

"ఏటమ్మా ఎతుకుతన్నారు?" అంది ఆయా అప్పలనర్సమ్మ.

"గీతలున్న టేపు, అప్పా."

"ఇదుగో, పిల్లి గీరినట్టుంది. దీన్నే ఎక్కువ వాడతారు గావాల."

ఆయాకు తోచింది నాకు తోచలేదు. టేపు పెట్టాను. 'తాళం ఉంది, రాయడం కుదరదు' అంది యంత్రం. అంచునున్న బుల్లి మీట జరిపి తాళం తీశాను. 'ఇందులో ఉన్నదంతా పోతుంది, సరేనా?' అని మళ్లీ అడిగింది పాపం. పోతే గీతలే కదా! సరే అన్నాను.

"పాసయిందండీ!" ఫోనులో నా గొంతు ఖంగుమంది.

"వెరీ గుడ్. నిన్నటి కాపీ ఉన్న టేపు భద్రంగా ఉందా?"

టేపు బయటికి తీసి లేబుల్ చూశాను. నిన్నటి తేదీ.

"అదే పెట్టేనండీ."

"అదెందుకు పెట్టేరమ్మా!"

"దానికే గీతలు ఎక్కువున్నాయండీ."

ఫోను చెవికి దూరంగా పెట్టుకోవాల్సి వచ్చింది.

"స్క్రాచ్ టేపంటే ఖాళీ టేపమ్మా! పోయినా పర్వాలేదనుకునే టేపు! నేనొచ్చేదాకా దేన్నీ ముట్టుకోకండి!"

అప్పుడే డాక్టరమ్మ తొంగి చూశారు. "ఏమ్మా, ఆ మిషన్‌కి జబ్బేమిటి?"

"మిషన్‌కి ఏ జబ్బూ లేదండీ. రోగులే లేరు."

దేవునికి స్తోత్రం, పాత డిస్కు ఇంకా కొన ఊపిరితో ఉంది. ప్రసాద్‌గారు వస్తూనే దానిలోంచి కొత్త టేపులోకి కాపీ తీసి, యంత్రం దాన్ని సరిగ్గా చదువుతోందని చూసుకున్నాకే డిస్కు మార్చారు. ఒక్క కేసూ పోలేదు. ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు. అందుకు ఇప్పటికీ ప్రార్థనలో ఆయన పేరు తలుచుకుంటాను.

అర్థం అడక్కుండా ఇక ఏ మీటా జరపనని ఆ రోజే ఒట్టు వేసుకుందామని బైబిలు మీదికి చెయ్యి చాచాను. అప్పలనర్సమ్మ చటుక్కున పట్టుకుంది.

"నోటితో సెప్పండమ్మా, సాలు! ఆ సెయ్యి మాత్రం దేని మీదా ఎట్టకండి!"